పది మూరల వెదురు

రాయడం మొదలుపెట్టావా? ముందు ఒక మాట రాసుకో, తర్వాత మర్చిపోతావు. ఇప్పుడు నేను చెప్పబోయే మనిషి మీ తాత కాదు. మీ తాత తర్వాత వచ్చాడు. ఆయనకు వంక పెట్టాలంటే గురక తప్ప ఏమీ దొరకదు. ఇది నా మొదటి పెళ్లి సంగతి. మీ అమ్మకు సగం తెలుసు. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. నిన్న నువ్వు ఎండ్రకాయల పులుసు తింటూ, ఇంతసేపు ఎందుకు ఉడికిస్తావు అమ్మమ్మా, డొప్ప కూడా మెత్తబడిపోయింది అని విసుక్కున్నావు కదా. అందుకే చెబుతున్నాను. ఇది వింటే ఇంకెప్పుడూ విసుక్కోవు.

మాది శబరి ఏటికి అవతలి ఒడ్డు. అది అప్పట్లో తెల్లవాళ్ల ఇలాకా. ఇవతలి ఒడ్డంతా బస్తరు రాజుగారి రాజ్యం. ఏరు దాటితే రాజ్యం మారేది గానీ మనుషులు మారేవాళ్లు కాదు. మా మేనత్తను, అంటే మా నాయన సొంత అక్కను, ఇవతలి ఒడ్డుకే ఇచ్చారు. ఎర్రబోరుకు రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల లోపల, వాగు పక్కన పల్లె. ఆమె భర్త అడవిలో చెట్టు విరిగి మీద పడితే పోయాడు. ఒక్కడే కొడుకు. వాడికే నన్ను ఇచ్చారు. నాకు పదహారేళ్లు. చిన్నప్పటి నుంచి బావా బావా అని వెంటపడ్డ మనిషే కాబట్టి నాకేమీ బెంగ లేదు. ఇప్పపూలకు పోయినప్పుడు ఎలుగుబంటి గీరిన మచ్చ వాడి ఎడమ భుజం మీద నాలుగు గీతలుగా ఉండేది. నేను దాన్ని చూసి, నాలుగెడ్ల నాగలితో దున్నారా బావా అని ఏడిపించేదాన్ని. ఈ మచ్చ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

మా వాళ్లలో మాట ఖాయం చేసుకునే రోజున ఒక పద్ధతి ఉండేది. పెద్దలు దొప్పలో ఇప్పసారా పోసి, మొదటి చుక్కలు నేలకు వదిలి, రెండు వైపుల వాళ్లనూ అడుగుతారు. ఇంట్లో మూర్ఛ ఉందా, కుష్టు మచ్చలున్నాయా, దగ్గు రోగం ఉందా అని. లేదని చెప్పి ఆ సారా తాగాలి. మా నాయన లేదని తాగాడు. మా అత్త కూడా లేదని తాగింది. నేను తడిక చాటునుంచి చూశాను. దొప్పలో చుక్క కూడా మిగల్చలేదు.

పెళ్లిలో బావ బుగ్గలో ఏదో పెట్టుకుని చప్పరిస్తూనే ఉన్నాడు. మా పిన్ని చూసి, మేక నెమరేసినట్టు నములుతడేందే పెండ్లికొడుకు అని నవ్వింది. అందరం నవ్వాం. మూడో రోజున తెలిసింది నాకు, అది కరక్కాయ పెచ్చు. దగ్గు రాకుండా పెట్టుకున్నాడు. పెచ్చు అయిపోయింది, ఆ పొద్దున వాడు దగ్గితే గోడకు వేలాడే నీళ్ల సొరబుర్ర కదిలినట్టనిపించింది. నేను అత్త వైపు చూస్తే, చుట్ట దగ్గే పిల్లా, పొగాకు మానితే పోతది అంది. నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? నా మేనత్త కదా. నన్ను ఎత్తుకుని ఏరు దాటించిన మనిషి.

ఆ దగ్గుకు అత్త దగ్గర ఒక మందుండేది. పొద్దున్నే వాగుకు పోయి రాళ్ల కింద చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టేది. పెద్దవి కూరకు, చిన్నవి మందుకు. చిన్నవాటిని కడిగి, బతికుండగానే రోట్లో వేసి, పసుపు, ఉప్పు, వెల్లుల్లి వేసి దంచేది. గుడ్డలో వేసి పిండితే బూడిద రంగు రసం వచ్చేది. ఆకు దొప్పలో పోసి కొడుక్కు ఇచ్చేది. పొయ్యి మీద పెట్టేది కాదు. నిప్పు చూపిస్తే బలం చచ్చిపోతుందని ఆమె గట్టి నమ్మకం. ఆ పల్లెలో అందరిదీ అదే నమ్మకం. జలుబుకు అదే, దగ్గుకు అదే, బాలింతకు అదే. కానీ మిగతా ఇళ్లలో ఏడాదికి ఒకటి రెండుసార్లు తాగితే, మా అత్త కొడుకు మీద ప్రేమ కొద్దీ రోజూ తాగించేది. నేను కాపురానికి పోయిన నాలుగో రోజు నుంచి నాకూ ఒక దొప్ప. దగ్గేవాడి పక్కన పడుకునే దానివి, నీకు అంటుకోకుండా ముందే తాగు అని. ఆమె కూడా తాగేది.

రుచి ఎలా ఉండేదంటావా? వాగు అడుగున రాయిని నాకినట్టు. చల్లగా, జిగటగా. ముక్కు మూసుకుని మింగేదాన్ని. బావ నా మొహం చూసి పడిపడి నవ్వేవాడు. వాడు చెడ్డవాడని మొదటి నుంచి చెబితే నీకు రాయడం తేలిక. కానీ కాదు. నేను నీళ్లు మోసి వస్తుంటే ఎదురొచ్చి కడవ అందుకునేవాడు. మగవాడు కడవ మోస్తే ఊళ్లో నవ్వుతారు. నవ్వనీ అనేవాడు. ఎండ్రకాయ కొండి చెయ్యి పట్టకుండా వెనక నుంచి ఎలా పట్టాలో నాకు నేర్పింది వాడే.

ఏడాది తిరిగేసరికి నాకూ దగ్గు మొదలైంది. పొద్దున లేవగానే దగ్గితే కళ్లె పడేది. మొదట గోధుమ రంగు, తర్వాత తుప్పు రంగు. తుప్పు పట్టిన గొడ్డలి కడిగిన నీళ్లు చూశావా, అలాంటి రంగు. కుడి పక్కన పొడిచినట్టు నొప్పి. చిత్రం ఏమిటంటే ఆకలి మాత్రం తగ్గలేదు. రెండు పూటలా కడుపునిండా తినేదాన్ని, పని చేసేదాన్ని. అత్త కంగారుపడి, నాకు దొప్పలు పెంచింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

రెండో ఏడు వానల్లో, నాట్లు వేస్తుండగా, వంగి ఉన్నదాన్ని ఒక్కసారి దగ్గాను. బురద నీళ్లలో ఎర్రగా పడింది. పక్క వరసలో ఉన్న ఆడవాళ్లు నారు చేతుల్లోనే పట్టుకుని గట్టు ఎక్కేశారు. నేను ఒక్కదాన్నే మడి మధ్యలో నిలబడ్డాను.

సాయంత్రానికి పెద్దలు మా వాకిట్లోకి వచ్చారు. క్షయ అన్నారు. ఏటి అవతలి నుంచి తెచ్చింది అన్నారు. కొడుకు కూడా దగ్గుతున్నాడు, చూశారా, దీని వల్లే వాడికి అంటుకుంది అన్నారు. అక్కడ చెప్పవలసిన మాట ఒకటుంది. ఈమె రాకముందే నాకు దగ్గుంది అని. అది చెప్పగలిగిన వాళ్లు ఇద్దరే, బావ, అత్త. నేను బావ వైపు చూశాను. వాడు కాళ్ల దగ్గర మట్టిని పుల్లతో గీస్తున్నాడు. అత్త వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది గానీ మాట్లాడలేదు. మాట్లాడితే సారా తాగి అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. నేనే చెప్పొచ్చు కదా అంటావేమో. పదిహేడేళ్ల కోడలు, అత్త అబద్ధమాడిందని పెద్దల ముందు ఎలా చెబుతుంది? పైగా వాళ్లే చెబుతారని ఎదురు చూశాను. అదే నా తెలివితక్కువ.

పొలం చివర పందులు పడకుండా కావలి కాసే పాక ఒకటుండేది. నన్ను అందులో పెట్టారు. రోగం తగ్గితే రావొచ్చు, లేకపోతే లేదు. అంతే చెప్పారు. అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే, మళ్లీ ఆ ఇంటి పొయ్యి దగ్గర కూర్చోవడం. వేరే ఏ కోరికా లేదు. పుట్టింటికి కబురు పంపుదామంటే శబరి నిండుగా పారుతోంది. నీళ్లు తగ్గేదాకా ఎవరూ అవతలికి పోరు.

బావ రోజూ పొద్దు వాలే వేళకు వచ్చేవాడు. వాడికి పది మూరల వెదురు ఒకటుండేది. చేటలో అన్నం, కూర, దొప్పలో ఆ రసం పెట్టి, చేటను నేల మీద ఉంచి, వెదురుతో నా వైపు నెట్టేవాడు. ఆ వెదురు పొడవు ఎంతో వాడికీ నాకూ మధ్య దూరం అంత. నేను తిన్నాక దొప్పలు కాల్చేసి, చేటను బూడిదతో తోమి మళ్లీ నెట్టేదాన్ని. తర్వాత వాడు అక్కడే గొంతుకూర్చుని మాట్లాడేవాడు. ఏ మడి ఎలా ఉందో, ఎవరి ఆవు ఈనిందో, సంతలో ఎవరు కొట్టుకున్నారో. ఒక్కోరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేవాడు. నేను ఇవతల ఏడ్చేదాన్ని. ఏడ్చి, ఇద్దరం దగ్గేవాళ్లం. వాడు వచ్చే ఆ గంట కోసమే మిగతా పగలంతా గడిపేదాన్ని. వెదురు నేల మీద రాసుకునే చప్పుడు వినిపిస్తే జుట్టు సర్దుకునేదాన్ని. నవ్వకు. సర్దుకునేదాన్ని.

దసరా వచ్చింది. రాజుగారి రథం లాగడానికి పల్లెపల్లె నుంచీ మగవాళ్లు జగదల్‌పూర్ పోవాలి. బావ కూడా పోయాడు. మిగతా వాళ్లంతా పండుగ అయిపోగానే వచ్చారు, వాడు రాలేదు. కాలు బెణికిందట, ఎవరింట్లోనో ఆగాడట అని చెప్పారు. ఆ రోజుల్లో అత్త వచ్చి చేట నెట్టేది. ఆమెకు వెదురు తిప్పడం రాదు, సగం అన్నం నేలపాలయ్యేది.

పదిహేను రోజులకో ఏమో వచ్చాడు. కుంటడం లేదు. నేను అడిగితే, తగ్గిందిలే అన్నాడు. ఆ రోజు చేటలో అన్నంతో పాటు గాజులున్నాయి. డజను ఆకుపచ్చ గాజులు, మీద బంగారు చుక్కలు. జగదల్‌పూర్ గాజులు. వేసుకుని చేతులు పైకెత్తి చూపించాను. వాడు తల దించుకున్నాడు. నా మీద జాలి అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు గమనించాను, వాడు దగ్గడం లేదు. అసలు లేదు. సంతోషం వేసింది. ఒక రోజు అత్త కూరగాయల కోసం పొలానికి వచ్చి, దూరం నుంచే నాతో అంది: "నువ్వు పాకల చేరినంక నా కొడుకు దగ్గు తగ్గింది, చూసినవా. ఇగ పెద్దలన్నది అబద్ధమెట్లయితది?" ఆమె దెప్పడానికి అనలేదు. నిజంగానే నమ్మేసింది. తన కొడుక్కి పెళ్లికి ముందు నుంచే దగ్గున్న సంగతి ఆమె మరిచిపోయింది. కావాలని మరిచిపోయిందో, భయంతో మరిచిపోయిందో తెలియదు. దానికంటే చిత్రం, నేనూ నమ్మేశాను. నాలోనే ఏదో ఉంది, నేను దూరం జరిగితే వాడికి బాగైంది అనుకున్నాను. ఆ రాత్రి నుంచి ఇంటికి పోవాలని కూడా అడగలేదు. సాయంత్రం బావతో, నేను లేకపోతేనే నీకు మంచిది బావా అన్నాను. వాడు అట్లనకు అని ఏడ్చాడు. ఏడ్చాడు, వెళ్లిపోయాడు.

పుష్యమాసంలో ఏటి నీళ్లు తగ్గాక మా నాయన వచ్చాడు. ఎవరో సంతలో చెబితే విని వచ్చాడు. పాక దగ్గరికి నేరుగా నడిచి వస్తుంటే నేను అరిచాను, దగ్గరికి రాకు నాయినా అని. వినలేదు. వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి తన చేతిలో పెట్టుకున్నాడు. ఐదు నెలల తర్వాత ఒక మనిషి చెయ్యి తగిలింది నాకు. నా మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, క్షయ పట్టిన దానివి ఇంత బుగ్గలేంది నీకు అన్నాడు. మా నాయన చదువుకోలేదు గానీ పశువుల రోగాలు తెలిసిన మనిషి. మేపు తినే పశువు చావదు, దీన్ని పెద్ద దవాఖానాకు చూపించాలి అన్నాడు.

బండి కట్టుకుని సుక్మా దాకా, అక్కడి నుంచి మోటారు. అప్పట్లో యుద్ధం వల్ల పెట్రోలు లేక మోటార్లు బొగ్గుల పొయ్యితో నడిచేవి. ఎత్తు వస్తే అందరూ దిగి తొయ్యాలి. నా దగ్గు విని కొందరు మొహం తిప్పుకున్నారు గానీ, ఆ పొగకు అందరూ దగ్గుతున్నారు కాబట్టి బతికిపోయాను.

జగదల్‌పూర్ దవాఖానాలో డాక్టరుగారు హిందీలో మాట్లాడేవారు. నాకు వచ్చిన హిందీ సంత హిందీ. ఉప్పు ఎంత, చింతపండు ఎంత అనేవరకే. కానీ అక్కడి కంపౌండరు విజయనగరం వైపు మనిషి, తెలుగువాడు. నా కళ్లెను ఒక గాజుముక్క మీద రాసి, డాక్టరుగారు ఇత్తడి గొట్టంలోంచి చూశారు. చూసి నన్ను పిలిచి, నన్నూ చూడమన్నారు. ఒక కన్ను మూసి చూశాను. బంగారు రంగులో గుడ్డు. ఒక చివర మూత. అచ్చం పచ్చడి జాడీ. అలాంటివి నాలుగైదు.

కంపౌండరు చెప్పాడు. ఇది క్షయ కాదమ్మా, పురుగు. పచ్చి పీతల్లో, అదే మీ ఎండ్రకాయల్లో ఉంటుంది. తింటే కడుపులోంచి దారి చేసుకుని ఊపిరితిత్తుల్లోకి పోయి గూడు కట్టుకుంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లే కళ్లెకు ఈ రంగు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. పక్కన పడుకున్నా అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. బాగా ఉడికించి తింటే పీత ఏమీ చేయదు. ఇంజెక్షన్లు చేస్తే నయమవుతుంది.

మా నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను మాత్రం అంటుకోదు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. రెండుసార్లు అడిగాను. అంటుకోదమ్మా అని రెండుసార్లూ చెప్పాడు. తర్వాత పుస్తకం తీసి మా పల్లె పేరు అడిగి, రాస్తూ రాస్తూ ఆగి నా మొహం చూశాడు.

"ఆగమ్మా. భుజం మీద ఎలుగుబంటి గీరిన మచ్చున్నాయన మీ ఆయనా?"

అవునన్నాను.

"మరి ఇన్నాళ్లూ ఏమైపోయావమ్మా? దసరాకి రథం లాగుతూ నెత్తురు కక్కితే ఎవరో వేరే ఊళ్ల వాళ్లు మోసుకొచ్చారు ఆయన్ని. పన్నెండు రోజులు ఈ మంచమ్మీదే ఉన్నాడు. మా ఆవిడక్కూడా ఇదే ఉంది, పోగానే పంపిస్తానన్నాడు. యుద్ధం రోజులు, మందు దొరకడమే కష్టం. నీ కోసం డాక్టరుగారు ఒక పెట్టె పక్కన పెట్టించారు."

లేచి వెళ్లి అల్మారా తెరిచాడు. పై అరలో మూలన చిన్న అట్టపెట్టె. మీద కాగితం అంటించి ఏదో రాసి ఉంది. ఏం రాసుందని అడిగాను. మీ ఊరి పేరు, పీతల ఆవిడ అని రాశామమ్మా అని నవ్వాడు. నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. పెట్టె మీద దుమ్ము పేరుకుంది. ఆయన చేత్తో తుడిచాడు.

దసరా నుంచి పుష్యం దాకా లెక్కపెట్టుకో. అన్నాళ్లూ ఆ పెట్టె ఆ అరలో ఉంది. అన్నాళ్లూ నేను పాకలో ఉన్నాను. అన్నాళ్లూ వాడు వెదురు పట్టుకుని వచ్చాడు. అంటుకోదని తెలిసీ పది మూరల అవతల కూర్చున్నాడు. తెలిసీ ఆ దొప్పలో రసం తెచ్చి నెట్టాడు. నేను లేకపోతేనే నీకు మంచిది బావా అన్న రోజున కూడా వాడికి తెలుసు.

ఆ సూదిమందు గుండెను బలహీనం చేస్తుందట, అందుకని లేచి తిరగొద్దన్నారు. పడుకునే ఉన్నాను. వాడు పడుకున్న మంచమే అది. కప్పు దూలానికి కందిరీగల గూడు ఒకటుంది, దాన్నే చూస్తూ పడుకున్నాను. వాడూ దాన్నే చూసి ఉంటాడు కదా, చూస్తూ ఏం అనుకున్నాడో అని ఆలోచించాను. మా నాయన కాళ్ల దగ్గర కూర్చుని ఒక రోజు ఉన్నట్టుండి అన్నాడు: "అక్క తెల్వక చేసింది బిడ్డా. వాడు తెలిసి చేసిండు." అంతకుమించి ఆయన ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

కళ్లె తెల్లబడింది. నొప్పి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు నాయన నేరుగా ఏరు దాటుదామన్నాడు. నేను కాదన్నాను. ఆ ఇంటికి పోవాలన్నాను.

పట్టపగలు పోయాం. అత్త వాకిట్లో రోటి ముందు కూర్చుని ఎండ్రకాయలు దంచుతోంది. బావ చూరు కింద కాడికి తాడు చుడుతున్నాడు. నన్ను చూసి తాడు వదిలేసి నిలబడ్డాడు. అత్త రోకలి పట్టుకునే వెనక్కి జరిగింది. ఆగుండ్రి, ఆడనే ఆగుండ్రి అంది. నేను ఒక అడుగు వేస్తే ఆమె ఒక అడుగు వెనక్కి. అట్లా గోడ దాకా పోయింది. అప్పుడు దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు మీద తుప్పు రంగు మరకలు. పాతవి, కొత్తవి.

నాకు అప్పటిదాకా తట్టలేదు. అత్త కూడా తాగుతుంది కదా.

నాయన తన అక్కకు చెప్పాడు, పిల్లకు నయమైంది, క్షయ కాదట, పచ్చి ఎండ్రకాయల నుంచి వచ్చే పురుగట అని. ఆమె నమ్మలేదు. మందు రోగమెట్ల తెస్తది, నా కొడుక్కు దీంతోనే కదా తగ్గింది అంది. అప్పుడు నేను బావ వైపు తిరిగాను.

"బావా, నీకు దేనితో తగ్గిందో అత్తకు చెప్పు."

వాడు నేల వైపు చూశాడు. మట్టిలో గీయడానికి పుల్ల కూడా లేదు.

"జగదల్‌పూర్ల పన్నెండు దినాలు ఏ దవాఖాన మంచం మీద పన్నవో చెప్పు. నేను గూడ ఆ మంచం మీదనే పండి వచ్చిన."

అత్త వాడి వైపు చూసింది. నెమ్మదిగా అడిగింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"ఎప్పుడు తెల్సింది రా నీకు?"

"దసరాకు."

"మరి నేను పోసిచ్చేది ఏం జేస్తున్నవ్?"

"పెరట్ల పారబోస్తున్న."

అత్త రోటి వైపు చూసింది, దొప్పల వైపు చూసింది. రెండు దొప్పలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి వాడిది, ఒకటి తనది. నా మీద కోపం ఉందో లేదో గానీ, ఆ క్షణాన ఆమె మొహం చూసి నా సంగతి నేను మరిచిపోయాను. నన్నంటే పరాయి ఇంటి పిల్ల అనుకో. కన్నతల్లి తన కళ్ల ముందు రోజూ ముక్కు మూసుకుని తాగుతుంటే, తన వంతు పెరట్లో పారబోసుకుని వచ్చి మూతి తుడుచుకున్నాడు.

ఎందుకు చెప్పలేదని మా నాయన అడిగాడు. వాడు ఏడుస్తూ చెప్పాడు. "చెప్పాలనే వచ్చిన మామా. చెప్తే ముందునుంచే దగ్గుందని ఊరికి తెలుస్తది, అమ్మ సారా తాగి అబద్ధమాడిందని అంటరు. రేపు చెప్దాం, రేపు చెప్దామనుకున్న. రోజులు గడిచినకొద్దీ ఇన్నాళ్లెందుకు చెప్పలేదంటరని ఇంకా భయమైంది." అమ్మ పేరు కాపాడదామని అమ్మనే చంపుతున్నాడు. అందులో అబద్ధం ఉందని నేననను. అంతే జరిగి ఉంటుంది. చెడ్డతనం కూడా కాదు. వట్టి పిరికితనం. కానీ ఆ పిరికితనం కింద పడుకున్నది నేను.

అత్త రోట్లో ఉన్నదంతా తీసి పెంటకుప్ప మీద వేసింది. చేతులు కడుక్కుంది. నా దగ్గరికి వచ్చింది, ఈసారి దూరం పాటించకుండా. "ఏ మొకం పెట్టుకొని నిన్ను ఇంట్లకు రమ్మందును పిల్లా" అంది. పొయ్యి అక్కడే ఉంది, గుమ్మంలోంచి కనిపిస్తోంది. పాకలో ఐదు నెలలు దాని కోసమే బతికాను. ఇప్పుడు నిప్పు మండుతోంది, మీద కుండ ఉంది, పిలిస్తే పోవచ్చు. నేను గుమ్మం ఇవతలే నిలబడ్డాను. అక్కడ కూర్చుంటే పక్కన వాడు కూర్చుంటాడు. కూర్చుని ఏరోజైనా మళ్లీ కళ్లు తుడుచుకుంటాడు. అప్పుడు నేనేం చేయాలి?

బట్టలు మూట కట్టుకో అత్తా, జగదల్‌పూర్ పోదాం అన్నాను. ఆ కంపౌండరు నన్ను చూసి, మళ్లీ ఎందుకొచ్చావమ్మా అన్నాడు. ఈసారి పెట్టె పక్కన పెట్టి లేదు, మందు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగాం. అత్త ఆ మంచం మీద పడుకుంటే నేను కింద పడుకున్నాను. ఆమె వయసుకు సూది తట్టుకోవడం కష్టమైంది గానీ బతికింది. దగ్గు పూర్తిగా పోలేదు, నెత్తురు మాత్రం ఆగింది. తర్వాత చాలా ఏళ్లు ఉంది. పల్లెలో ఇంటింటికీ తిరిగి, రసం పొయ్యి మీద పెట్టండే అని చెప్పేదట. మూడొంతుల మంది నవ్వేవాళ్లట. సారా తాగి అబద్ధం చెప్పిన సంగతి కూడా తనే పెద్దల ముందు ఒప్పుకుంది. అంత పని ఆమె చేయగలదని తెలిస్తే, వాడు అన్నాళ్లు దాచేవాడు కాదేమో.

వాడు మా ఊరికి రెండుసార్లు వచ్చాడు నన్ను తీసుకుపోవడానికి. మా వాళ్లలో పెద్దల ముందు గడ్డిపరక రెండుగా తుంచితే తెగదెంపులే. మూడోసారి వచ్చినప్పుడు తుంచాం. వాడి సగం వాడు చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. పెద్దాయన ఒకాయన, ఇచ్చినవన్నీ తిరిగి ఇచ్చెయ్యమ్మా అన్నాడు. చీర ఇచ్చేశాను, వెండి కడియం ఇచ్చేశాను. గాజులు ఇవ్వలేదు. పెద్దాయన నా చేతుల వైపు చూశాడు, నేను చేతులు కొంగు కింద పెట్టుకున్నాను. అడగొద్దు అని వాడే అన్నాడు.

మంచి గాజులు అవి. పగిలేదాకా వేసుకున్నాను. ఒక్కొక్కటే పగిలాయి, చివరిది మీ అమ్మ పుట్టిన ఏడు. వాటిని కొన్న రోజున వాడు జగదల్‌పూర్ బజారులో నిలబడి నా చేతి కొలత గుర్తు చేసుకుని ఉంటాడు. సరిగ్గా సరిపోయాయి. ఒక్కటి కూడా వదులు కాలేదు, బిగుతు కాలేదు. నా చెయ్యి కొలత అంత గుర్తున్న మనిషికి, ఆ బజారు నుంచి తిరిగొచ్చి ఆ చెయ్యి పట్టుకోవడానికి ఏం అడ్డమొచ్చిందో నాకు ఈరోజుకీ అర్థం కాదు. వెదురు తెలుసు కదా, వట్టి వెదురు. అవతల పారేస్తే పోయేది.

చాలు, పెన్ను పెట్టెయ్. పులుసు ఇంకో పావుగంట ఉడకాలి. మూత తీయకు.